లారీ డ్రైవరు వృత్తి – ఇచ్చేది ఎంత? తీసుకునేది ఎంత?

హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే ఎవరికైనా సినిమా తారల ఇళ్లు, స్టూడియోలు గుర్తుకు వస్తాయి. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు పక్కనే బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించారు. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. 1996లో నగరానికి దూరంగా రామోజీ ఫిలింసిటీ వెలిసింది. మద్రాసులో ఉన్న తెలుగు చిత్ర పరిశ్రమ క్రమంగా ఈ రాతి కొండల మీదికి చేరింది. ఆ పరిశ్రమతోపాటు వందలాది మంది డ్రైవర్లు కూడా ఇక్కడికి చేరారు. వారి బొమ్మ పోస్టరు మీద ఉండదు. కానీ వారు బండి కదపకపోతే షూటింగు మొదలు కాదు.

కెమెరా, లైట్లు మోసే యూనిట్ వ్యాను, కరెంటు ఇచ్చే జనరేటర్ వ్యాను, సెట్టింగు సామాను లారీ, దుస్తుల బండి, భోజనాల బండి, నటీనటులు విశ్రాంతి తీసుకునే కారవాన్ – ఇవన్నీ అందరికంటే ముందు లొకేషనుకు చేరాలి. ప్యాకప్ అయ్యాక అందరికంటే ఆఖరున కదలాలి. ఇవి కాక, ఈ కొండల మీద ఎప్పుడూ ఏదో ఒక కట్టడం లేస్తూనే ఉంటుంది. దానికి కావలసిన ఇసుక, సిమెంటు, ఇనుము, గ్రానైటు తెచ్చేదీ లారీయే. పగటిపూట నగరంలో భారీ వాహనాలపై ఆంక్షలు ఉంటాయి కాబట్టి ఆ లారీలు ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతాయి.

ఈ వృత్తి మంచిదా, చెడ్డదా అని చాలామంది అడుగుతారు. ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. ఇది అన్నం పెట్టే వృత్తే. కానీ డ్రైవరు దగ్గర నుంచి నిద్రను, ఆరోగ్యాన్ని కొంచెం కొంచెంగా తీసుకునే వృత్తి కూడా. ఏమి ఇస్తుంది, ఏమి తీసుకుంటుంది, తీసుకునేదాన్ని ఎలా తగ్గించుకోవచ్చు – ఈ మూడు సంగతులు ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ వృత్తిలో చేరడం ఎలా?

చాలామంది క్లీనరుగా మొదలవుతారు. టైరు మార్చడం, తాడు బిగించడం, లోడు చూసుకోవడం నేర్చుకుంటారు. తర్వాత స్టీరింగు పడతారు. చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి కనీసం 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఒక సంవత్సరం తేలికపాటి వాహనం లైసెన్సు కలిగి ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తొలగించారు. కాబట్టి చదువు మధ్యలో ఆగిపోయినవారికి కూడా ఈ దారి తెరిచే ఉంది.

రవాణా వాహనం లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్ కూడా కావాలి. 2019 సవరణ తర్వాత ఈ లైసెన్సు 5 ఏళ్లకు ఒకసారి రెన్యువల్ చేయించుకోవాలి. అప్పుడు మళ్లీ డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. దీన్ని చాలామంది డబ్బు ఇచ్చి తెచ్చుకునే కాగితంగా చూస్తారు. అది చాలా పొరపాటు. కంటి చూపు, బి.పి., షుగర్ పరీక్ష చేయించుకోవడానికి అది ఒక మంచి అవకాశం. సంతకం కోసం కాకుండా పరీక్ష కోసం వెళ్లండి.

ఈ వృత్తి ఇచ్చేవి

1. పెద్ద చదువు లేకపోయినా సంపాదన దొరుకుతుంది. నైపుణ్యం ఉన్న డ్రైవరుకు పని దొరకడం అంత కష్టం కాదు.

2. జీతంతోపాటు బత్తా ఉంటుంది. సినిమా యూనిట్లో అయితే షూటింగు రోజున ప్రొడక్షన్ భోజనం కూడా దొరుకుతుంది. ఆ పూట తిండి ఖర్చు తప్పుతుంది.

3. ఎదుగుదల ఉంది. క్లీనరు డ్రైవరు కావచ్చు. డ్రైవరు పాత బండి కొని ఓనరు కావచ్చు. అలా ఎదిగి పిల్లలను కాలేజీకి పంపినవారు మన చుట్టుపక్కలే ఉన్నారు.

4. ఊళ్లు చూడవచ్చు. ఒక నెల అరకు, మరో నెల కోనసీమ. మనుషులతో మాట్లాడే తీరు, నాలుగు భాషలు కూడా అలవడతాయి.

5. ఒంటరిగా బాధ్యత మోయడంలో ఒక తృప్తి ఉంది. లక్షల విలువ చేసే సామాను ఒక్క గీత పడకుండా చేర్చానన్న గర్వం డ్రైవరుకు ఉంటుంది. అది న్యాయమైన గర్వమే.

ఈ వృత్తి తీసుకునేవి

మొదటిది, సంపాదనలో నిలకడ లేదు. సినిమా బండికి షూటింగు ఉంటేనే కిరాయి. 2020 మార్చిలో కరోనా వల్ల షూటింగులు ఆగిపోయినప్పుడు రోజు కూలి మీద బతికేవారు చాలా ఇబ్బంది పడ్డారు. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచిపోయాయి. చివరకు మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంచేటట్లు రాజీ కుదిరింది. పెంపు వచ్చింది, మంచిదే. కానీ పని ఆగిన ఆ రోజుల్లో కూడా ఇంటి అద్దె, బండి ఫైనాన్సు వాయిదా ఆగలేదు. కనీసం రెండు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు లేని డ్రైవరు, అప్పు తీర్చడం కోసం తర్వాత నిద్ర మానుకుని అదనపు ట్రిప్పులు వేస్తాడు. ఆరోగ్యం చెడడానికి అక్కడే పునాది పడుతుంది.

రెండవది, కుటుంబానికి దూరం. పిల్లల జ్వరం ఫోనులో తెలుస్తుంది. పండుగ లొకేషనులో గడుస్తుంది. ఇంటికి వచ్చిన రోజు కూడా నిద్రతోనే సరిపోతుంది.

మూడవది, ప్రమాద భయం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. తప్పు ఎవరిదైనా జనం ముందు పెద్ద బండి డ్రైవరు మీదికే వస్తారు. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల వరకు జైలు అని భారతీయ న్యాయ సంహితలో పెట్టినప్పుడు, 2024 జనవరి మొదట్లో దేశమంతటా డ్రైవర్లు బండ్లు ఆపారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ సంవత్సరం జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షనును పక్కన ఉంచారు.

అయితే ఒక సంగతి ప్రతి డ్రైవరు తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత. జనం దాడి చేసే పరిస్థితి ఉంటే చట్టం దాన్ని కూడా గుర్తించింది. అప్పుడు దగ్గరలోని పోలీసు స్టేషనుకు వెళ్లి వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా, జరిగినది చెప్పాలి. 108కి ఫోను చేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ మరువకూడదు. ఆ ఒక్క ఫోను ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.

అన్నిటికంటే పెద్ద నష్టం – నిద్ర

ఒక సినిమా యూనిట్ డ్రైవరు రోజును లెక్క వేసి చూద్దాం. ఉదయం 6 గంటలకు సామాను లొకేషనులో ఉండాలి. అంటే 4 గంటలకే లేవాలి. సాయంత్రం 6కు ప్యాకప్ అంటారు. కేబుళ్లు చుట్టి, లైట్లు ఎక్కించేసరికి 8 అవుతుంది. ట్రాఫిక్ దాటి బండి అప్పగించేసరికి 10. అక్కడ నుంచి కృష్ణానగర్ గదికో, మణికొండ చిత్రపురి కాలనీకో చేరి, తిని పడుకునేసరికి 11 దాటుతుంది. మళ్లీ 4కు లేవాలి. నిద్ర 5 గంటలు కూడా లేదు. అవుట్‌డోర్ అయితే ఇంకా కష్టం. పగలంతా లొకేషనులో ఉండి, రాత్రికి రాత్రి 400 కిలోమీటర్లు నడిపి రాజమండ్రి చేరమంటారు.

“మధ్యలో ఖాళీగా కూర్చునే ఉన్నావు కదా” అని కొందరు మేనేజర్లు అంటారు. కుర్చీలో కునికిపాటు, జనరేటరు హోరులో కళ్లు మూసుకోవడం నిద్ర కాదు. పెద్దవారికి రోజుకు 7 గంటలు తగ్గకుండా నిద్ర అవసరం.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక ముఖ్యమైన విషయం చూపించారు. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోతుంది. మన దేశంలో డ్రైవరుకు చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. పైన చెప్పిన డ్రైవరు 4 గంటలకు లేచి రాత్రి 9కి ఇంకా స్టీరింగు మీదే ఉన్నాడు. అంటే 17 గంటలు. అతడు చుక్క తాగలేదు. పోలీసుల యంత్రంలో ఊదినా ఏమీ చూపించదు. కానీ అతని మెదడు తాగినవాని మెదడులాగే పని చేస్తూ ఉంటుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే 65 మీటర్లకు పైగా బండిని ఎవరూ నడపడం లేదన్నమాట. తెల్లవారుజామున 2 నుంచి 5 వరకు, మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు మన శరీరం సహజంగానే నిద్రకు మొగ్గుతుంది. ఆ వేళల్లో ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే బండి ఆపండి:

• పదే పదే ఆవులింతలు రావడం, కళ్లు మంట పుట్టడం
• గడిచిన రెండు మూడు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తు లేకపోవడం
• బండి గీత దాటి పక్కకు పోవడం
• గేరు, బ్రేకు వేయడం ఆలస్యం కావడం

సురక్షితమైన చోట ఆపి 20 నిమిషాలు పడుకోండి. పడుకునే ముందు ఒక కప్పు కాఫీ తాగితే, లేచే సమయానికి అది పని చేయడం మొదలవుతుంది. అయితే ఇది ఆ పూటకు గండం గడిపే ఉపాయం మాత్రమే. పోయిన నిద్రను తిరిగి నిద్రతోనే తీర్చాలి.

రాత్రంతా పడుకున్నా పగలు మత్తుగా ఉంటుందా? గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లు అవుతోందని ఇంట్లోవాళ్లు చెబుతున్నారా? అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. లావుగా, మెడ పొట్టిగా ఉన్నవారిలో ఎక్కువ. దీనికి మంచి చికిత్స ఉంది. డాక్టరు గారికి తప్పక చెప్పండి.

శరీరంలో మిగతా భాగాల సంగతి

నడుము, మెడ: గంటల తరబడి కూర్చోవడం, బండి అదురు, ఆపైన సామాను ఎత్తడం – ఈ మూడూ కలిసి వెన్నుపూసను దెబ్బ తీస్తాయి. రెండు గంటలకు ఒకసారి దిగి ఐదు నిమిషాలు నడవండి. నడుము వెనుక చిన్న దిండు పెట్టుకోండి. జేబులో లావు పర్సు పెట్టుకుని కూర్చోవద్దు. నొప్పి కాలులోకి పాకినా, తిమ్మిరి పట్టినా ఆలస్యం చేయవద్దు.

బి.పి., షుగర్: వేళ తప్పిన తిండి, నూనె వేపుళ్లు, తీపి టీలు, కదలిక లేకపోవడం – ఇవి రెండింటికీ ఆహ్వానం. 30 ఏళ్లు దాటిన ప్రతి డ్రైవరు సంవత్సరానికి ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. బి.పి. 140/90 దాటినా, పరగడుపున షుగర్ 126 దాటినా డాక్టరును కలవాలి. మాత్రలు బండిలో ఒక డబ్బాలో ఉంచుకోండి. లొకేషను మారినా మాత్ర మారకూడదు.

మూత్రం, మలబద్ధకం: ఆపే చోటు లేదని చాలామంది నీళ్లు మానేస్తారు. దానివల్ల మూత్రపిండాల్లో రాళ్లు, మూత్రంలో మంట, మొలలు వస్తాయి. నీళ్లు తాగండి, బండి ఆపండి. ఐదు నిమిషాల ఆలస్యం ఆపరేషను కంటే చవక.

కళ్లు: రాత్రి ఎదుటి బండి దీపాల వెలుగుకు కళ్లు మరీ చెదురుతుంటే శుక్లాలు మొదలై ఉండవచ్చు. 40 దాటినవారు కంటి పరీక్ష వాయిదా వేయవద్దు.

చెవులు: జనరేటరు పక్కన నిలబడి మాట్లాడాలంటే అరవవలసి వస్తుందా? అయితే ఆ హోరు చెవికి హాని చేసేదే. ఆ విధంగా పోయిన వినికిడి తిరిగి రాదు. చెవి బిరడాలు చాలా తక్కువ ధరకే దొరుకుతాయి.

విషవాయువు: ఇది ప్రాణం తీసే విషయం. జనరేటరు, ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో డ్రైవరు, అతని తోటి ఉద్యోగి చనిపోయి కనిపించారు. జనరేటరు నుంచి లోపలికి చేరిన ఈ వాయువే కారణమని తేలింది. ఏసీ కోసం ఇంజను గానీ జనరేటరు గానీ నడుపుతూ, తలుపులు మూసుకుని లోపల ఎప్పుడూ పడుకోవద్దు. తలనొప్పి, వికారం, తల తిరగడం అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రండి.

కొండ దారులు: ఫిలింనగర్, జూబ్లీహిల్స్ రోడ్లలో ఎత్తుపల్లాలు ఎక్కువ. లోడు బండితో దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి. బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు వదులుతుంది.

ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: టీ, బీడీ, గుట్కా ఉంటేనే రాత్రి నడపగలను. మానితే ఎలా?
జవాబు: పొగాకు నిద్రను ఆపినట్లు అనిపిస్తుంది గానీ చేతుల పట్టును, చూపును తిరిగి ఇవ్వదు. గుట్కా వల్ల నోరు సరిగా తెరుచుకోకపోవడం, నోటి క్యాన్సరు వస్తాయి. నోటిలో మానని పుండు, తెల్ల మచ్చ ఉంటే వెంటనే చూపించుకోండి. నిద్ర రాకుండా ఎవరైనా ఇచ్చే మాత్రలు అసలు ముట్టవద్దు.

ప్రశ్న: షుగర్ ఉందని తెలిస్తే లైసెన్సు పోతుందేమోనని పరీక్ష చేయించుకోవడం లేదు.
జవాబు: షుగర్ ఉన్నంత మాత్రాన లైసెన్సు పోదు. అదుపులో ఉంచుకుని బండి నడుపుతున్నవారు ఎందరో ఉన్నారు. ప్రమాదమల్లా తెలియని షుగర్‌తోనే. మందు వేసుకుని భోజనం మానితే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు మసకబారడం దాని గుర్తులు. వెంటనే బండి ఆపి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. పూర్తిగా తేరుకుని, ఏదైనా తిన్న తర్వాతే కదలండి.

ప్రశ్న: మావారు నెలల తరబడి లైను మీద ఉంటారు. హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోమని అడగడానికి భయంగా ఉంది.
జవాబు: అమ్మా, మీ భయం సహజమైనదే. “నువ్వు వెళ్లు” అనకుండా “ఇద్దరం కలిసి వెళ్దామండీ” అని అడిగి చూడండి. అది అనుమానంలా కాక జాగ్రత్తలా వినిపిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, సలహా ఉచితం. వివరాలు రహస్యంగా ఉంచుతారు. 1097కు ఫోను చేసి కూడా అడగవచ్చు. 2004 నుంచి మన దేశంలో మందులు ఉచితంగా ఇస్తున్నారు. క్రమంగా వాడితే పూర్తి జీవితం గడపవచ్చు. హెచ్.ఐ.వి. ఉందన్న కారణంతో పనిలో వివక్ష చూపడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

ప్రశ్న: నా వయసు 21. ఇంటరు తప్పాను. డ్రైవరు కావాలని ఉంది. చేరమంటారా?
జవాబు: బాబూ, చేరవచ్చు. కానీ చేరే ముందు మూడు పనులు చేయి. కళ్లు పరీక్ష చేయించుకో. పని చూపించే ఓనరును “రాత్రి నడిపిన మరునాడు విశ్రాంతి ఇస్తారా?” అని అడుగు. మొదటి జీతం నుంచే కొంత పక్కన పెట్టు. రెండో ప్రశ్నకు నవ్వి ఊరుకునే ఓనరు దగ్గర చేరవద్దు.

ఓనర్లకు, ప్రొడక్షన్ మేనేజర్లకు ఒక మాట

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే డ్రైవరు పనికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చి ఆ చట్టం స్థానాన్ని తీసుకున్నాయి. రోజుకు 8 గంటలన్న సూత్రం వాటిలోనూ ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. ఇది మంచి మార్పు. కానీ చల్లటి క్యాబిను నిద్రలేని డ్రైవరును కాపాడలేదు.

మీరు చేయగలిగినవి ఖర్చుతో కూడినవి కావు. రాత్రి ప్రయాణానికి ఇద్దరు డ్రైవర్లను పంపండి. ప్యాకప్‌కూ మరునాటి కాల్‌షీటుకూ మధ్య డ్రైవరు నిద్రను లెక్కలో వేయండి. లొకేషనులో నీడ, మంచం, మరుగుదొడ్డి చూపించండి. “నిద్ర వస్తోంది సార్” అన్న డ్రైవరును తిట్టవద్దు. ఆ మాట చెప్పినందుకు అభినందించండి.

కుటుంబ సభ్యులకు

ఆయన ఇంటికి వచ్చిన రోజు మొదట నిద్రపోనివ్వండి. ఇంటి కష్టాలు లేచాక చెప్పండి. బండి నడిపే వేళ ఫోను చేయవద్దు. ఆపినప్పుడు ఆయన్నే చేయమనండి. మాత్రలు, నీళ్ల సీసా, కాసిని వేయించిన శనగలు, పండ్లు సంచిలో పెట్టి పంపండి. బీమా కాగితాలు, లైసెన్సు నకలు ఇంట్లో ఒకచోట ఉంచండి.

గుర్తుంచుకోండి

• 17 గంటల మెలకువ, మత్తుతో సమానం.
• రెండు గంటలకు ఒకసారి దిగి నడవాలి.
• జనరేటరు నడుస్తున్న మూసిన బండిలో పడుకోకూడదు.
• సంవత్సరానికి ఒకసారి బి.పి., షుగర్, కంటి పరీక్ష.
• ప్రమాదం జరిగితే మొదట 108.

చర్చించుకోండి

1. నిన్న మీరు ఎన్ని గంటలు నిద్రపోయారు? ఎన్ని గంటలు బండి నడిపారు?
2. పని ఆగితే మీ కుటుంబం ఎన్ని రోజులు అప్పు లేకుండా గడపగలదు?
3. నిద్ర వస్తోందని మీ ఓనరుకు చెప్పగలరా? చెప్పలేకపోతే ఎందువల్ల?

మూడో ప్రశ్నకు “చెప్పలేను” అన్నది మీ జవాబైతే, ఈ పుస్తకాన్ని ఆ పేజీ తెరిచి ఓనరు గారి బల్ల మీద పెట్టండి.